వెన్నులో కాగితాలు

మా నాన్న పుస్తకాలు బైండింగు చేస్తాడు. నన్ను మాత్రం ఆఫీసరుగా చూడాలని ఆయన పంతం. ఆ ఉద్యోగం పరీక్ష దరఖాస్తుకి ఆ రోజు సాయంత్రం ఐదింటితో ఆఖరు. పొద్దున్నే ఫారం అంతా తనే నింపి, నా ఫొటో కూడా తనే అతికించి, నా ముందు పడేశాడు.

"సంతకం పెట్టు."

"పెట్టను. నేను కథలు రాసుకుంటాను."

"రాసి ఎవర్ని ఉద్ధరిస్తావే కందిరీగా?" అంటూ నా నోటుపుస్తకం లాక్కుని సొరుగులో పెట్టి తాళం వేశాడు. మూడేళ్ళ రాత! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మాత్రం ఏమీ జరగనట్టు దారం కొనడానికి బజారుకెళ్ళాడు.

మా కొట్లో ఒకటే కట్టడి. లైబ్రరీ నుంచి చిరిగి వచ్చిన పుస్తకాల కుట్లు నేను విప్పొచ్చు, అట్టలు కొయ్యొచ్చు, వెన్ను జోలికి మాత్రం పోకూడదు. గట్టిగా ఉండడానికి వెన్ను మీద, అట్ట లోపలివైపు, చిత్తుకాగితం పట్టీలు అతికిస్తారు. పాతవి ఊడదీసే పని ఎప్పుడూ నాన్నదే. "నీకు చేతకాదు" అనేవాడు. అంత చేతకాని పనేమిటో చూద్దామని, ఆ కోపంలోనే, పైనున్న పుస్తకం తీసి తడిగుడ్డ వేసి వెన్ను మీది పట్టీ ఊడదీశాను.

పట్టీ మీద నాన్న చేతిరాత ఉంది.

'ఆమె తలుపు దగ్గర ఆగింది. లోపల దీపం' అని, అంతవరకే. కింద కత్తిరించేశాడు. మూలన పేజీ నంబరు 212.

ఉత్తరం ముక్క రాయడానికే బద్ధకించే మనిషి! రెండువందల పన్నెండో పేజీ ఏమిటి? ఇంకో పుస్తకం విప్పాను. 87. అందులో ఒక ముసలాయన తన గుర్రాన్ని తిడుతున్నాడు, ఎంత ముద్దుగా తిడుతున్నాడో! మూడోది, నాలుగోది, అలా తొమ్మిది విప్పేశాను. అన్నం సంగతే మర్చిపోయాను. అమ్మ బాబోయ్, ఇలా రాయగలిగిన మనిషితోనా నేను ఇన్నాళ్ళూ జిగురు డబ్బా కోసం పోట్లాడింది!

కాళ్ళు ఆగలేదు. పక్క వీధిలోని లైబ్రరీకి పరుగెత్తాను. గోడ పొడవునా బీరువాలు, వాటినిండా నాన్న వయసులో ఉండగా కట్టిన పుస్తకాలు. వెన్నుల మీద వేలు పెట్టుకుంటూ నడిచాను. ఎవరెవరి పుస్తకాలనో మా నాన్న నవల వెనకనుంచి పట్టుకుని నిలబెడుతోంది. ఆ సంగతి ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

నాలుగున్నర దాటాక కొట్టుకి తిరిగొచ్చేసరికి, నేను ఊడదీసిన పట్టీలన్నీ బల్ల మీద నంబర్ల వరసలో పేర్చి ఉన్నాయి. నాన్న నాకు వీపు పెట్టి ఏదో పుస్తకానికి జిగురు రాస్తున్నాడు.

"చదివేశావన్నమాట" అన్నాడు.

"ఎందుకిలా చేశావు నాన్నా?"

"మీ తాతయ్య చింపెయ్యమన్నాడు. రాస్తే పని చెడుతుందన్నాడు. చింపడానికి చేతులు రాలేదు. పట్టీలు కోసి వెన్నుల్లో పెట్టాను." బ్రష్షు మళ్ళీ జిగురులో ముంచాడు. "పాతవి వచ్చినప్పుడల్లా తీసి, మళ్ళీ కొత్త వాటిలో పెడుతుంటాను."

"ఇంతకీ ఆమె లోపలికి వెళ్ళిందా?"

"వెళ్ళింది. అదే తప్పు. గుమ్మంలోనే ఉండిపోవాల్సింది" అన్నాడు, నిన్ననే రాసినట్టు.

ఇంతటివాడే మానుకున్నాడు, ఇక నేనెంత? గడియారం చూశాను. ఐదుకి పదిహేను నిమిషాలుంది.

"ఫారం ఇలా ఇవ్వు నాన్నా. సంతకం పెడతాను. పరుగెడితే అందుతుంది."

ఆయన పక్కకి జరిగాడు. బల్ల మీద ఉన్నది నా నోటుపుస్తకం. కుట్టు పూర్తయింది, అట్ట ఇంకా ఎక్కలేదు. తడి వెన్ను మీద కొత్తగా అతికించిన పట్టీలు. ఒకదాని మీద 'దరఖాస్తుదారు సంతకం' అని అచ్చయిన అక్షరాలు, పక్కన ఖాళీ గడి. ఇంకోదాని మీద సగానికి తెగిన ఫొటోలోంచి నా కన్ను నన్నే చూస్తోంది.

"వెన్నుకి చిత్తుకాగితం కావాలిగా" అన్నాడు నాన్న. నేను చెయ్యి చాపబోతే మునివేళ్ళ మీద ఒక్కటిచ్చాడు. "ఆరేదాకా ముట్టుకోకు."