నాన్న విప్పిన చొక్కాలు

పెద్దదాని చేయి ఊరికే ఉండదు. ఎక్కడ బట్ట వంకరగా వేలాడినా సరిచేయాలి, ఎవరి కాలరు తిరగబడినా మడవాలి. ఒకసారి బస్సులో ముందు సీటావిడ మెడ వెనక లేబులు బయటికి కనిపిస్తే చనువుగా లోపలికి దోపేసింది. ఆవిడ ఉలిక్కిపడి తిరిగితే, తప్పంతా ఆవిడదే అన్నట్టు చూసింది కూడా. ఏం చేస్తుంది పాపం, బతుకుతెరువు అలాంటిది. పేరున్న బట్టల షాపులో షోకేసు అలంకరించడం ఆమె పని. బొమ్మలకు బట్టలు తొడగాలి, నడుము సన్నగా కనిపించేలా వీపు వెనక గుండుసూదులు గుచ్చాలి, ఆఖరున ఆవిరి ఇస్త్రీతో ఒక్క ముడత లేకుండా సాపు చేసిగానీ తెర తీయకూడదు. ముడతలున్న షోకేసూ, మొహం కడుక్కోని మనిషీ ఒకటే అంటుంది. షాపులో ఆ మాట విననివాళ్ళు లేరు.

చిన్నది ఆమె చెల్లెలు. ఒకప్పుడు బొమ్మలు వేసేది. ఇప్పుడు అవీ మానేసి, ఏవేవో వస్తువులు తెచ్చి గదిలో పెట్టి ఇదే కళ అంటుంది. తన ప్రదర్శన ఎప్పుడు పెట్టినా అక్కను పిలిచేది. అక్క ప్రతిసారీ వస్తానంది, ఒక్కసారీ వెళ్ళలేదు. ఒకసారి షాపులో సేలు, ఒకసారి తలనొప్పి, ఒకసారి ఏ కారణమూ లేదు. నిజం చెప్పాలంటే, అర్థం కాని దాని ముందు నిలబడి అర్థమైనట్టు తలాడించడం ఆమెకు నామోషీ. కిందటిసారి ఫోనులో చిన్నది, "నువ్వు రావులే అక్కా, నాకు తెలుసు" అంది. కోపంగా అని ఉంటే పెద్దది తిరిగి నాలుగు అనేసి మరిచిపోయేది. చిన్నది మామూలుగా అంది. ఆ మామూలు మాటే మనసులో ముల్లులా దిగబడిపోయింది. అమ్మ చిన్నప్పుడే పోయింది, నాన్న నిరుడు పోయాడు. ఇక తనకంటూ మిగిలింది ఇదొక్కతే, దీన్నీ చేజేతులా పోగొట్టుకుంటున్నానేమోనని భయం పట్టుకుంది. అందుకే ఈసారి సెలవు పెట్టి మరీ బయల్దేరింది. చెల్లెలితో మళ్ళీ మునుపటిలా ఉండాలి, అంతకుమించి ఆమెకేమీ అక్కర్లేదు.

ఆ రోజు నగరంలో గ్యాలరీలన్నీ అందరికీ తలుపులు తీసిపెట్టే రోజు. గ్యాలరీల వీధికి వెళ్ళాలంటే బట్టల షాపుల వీధి దాటాలి. ఆమె అక్కడ కళ్ళు మూసుకుని నడవడం అయ్యే పని కాదు. ఒక షోకేసులో ఖరీదైన గౌను అంచు నుంచి దారం వేలాడుతుంటే కడుపు చల్లబడింది. ఆ పక్క షాపువాళ్ళు బొమ్మలే లేకుండా, కనిపించని తీగలతో కోట్లను గాలికి ఎగురుతున్నట్టు నిలబెట్టారు. ఈ ఆలోచన తనకెందుకు రాలేదా అని కాసేపు కుళ్ళుకుని, ఎడమవైపు కోటు భుజం జారిందని కనిపెట్టి ఊరడిల్లింది.

చెల్లెలి గదికి వెళ్ళేలోగా కాస్త అలవాటు పడదామని దారిలో రెండు గ్యాలరీలు ఎక్కింది. మొదటి దాంట్లో గది మధ్య నానబెట్టిన పరుపు ఒకటి పడేసి ఉంది. దాని చుట్టూ జనం గుడ్డలో పసిబిడ్డను చూసినట్టు వంగి వంగి చూస్తున్నారు. ఈ పరుపు ఎండలో వేయడానికి ఒక్కరికీ చేతులు రాలేదా అనుకుంది. రెండో దాంట్లో ఒక పటం పక్కకు ఒరిగి ఉంటే, అటూ ఇటూ చూసి నిటారుగా నిలబెట్టింది. అక్కడి ఉద్యోగి పరుగున వచ్చి, అది అలాగే ఒరిగి ఉండాలని మర్యాదగా చెప్పి, మళ్ళీ ఒరగబెట్టాడు. ఆమెకు తల కొట్టేసినంత పనైంది. ఇక దేన్నీ ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకుంటూ మెట్లు దిగింది.

చిన్నదాని ప్రదర్శన మూతబడిన ప్రెస్సు మేడ మీద, ఒక పొడుగాటి గదిలో. ఇంకా మొదలవలేదు. కాపలా పెద్దాయన ఆమెను చూడగానే పోలికలు పట్టేసి, చెల్లెలు బల్బులు కొనడానికి వెళ్ళిందనీ, లోపల కూర్చోమనీ చెప్పి తలుపు తీశాడు.

లోపల నాన్న చొక్కాలు ఉన్నాయి.

నాన్న బస్సు డ్రైవరు. ఆయన నీలం యూనిఫాం చొక్కాలే, వరసగా తీగల మీద వేలాడుతున్నాయి. వాటిని ఎప్పుడో ఎవరికో ఇచ్చేశారనుకుంది పెద్దది. ఎలా ఉన్నాయని! కాలరుకు మట్టిచార, వీపంతా నలిగిపోయి, మోచేతుల దగ్గర ముడతలు ముద్దలుగా కట్టి, ఒక చేయి పైకి మడిచి, ఒక చేయి కిందికి జారి. పెద్దదాని గుండె చివుక్కుమంది. ఆ పరుపూ, ఆ పటమూ ఎవరివో. ఇవి నాన్నవి. ఇస్త్రీ లేని చొక్కాతో ఆయన ఏనాడూ గడప దాటలేదు. స్కూలు రోజుల నుంచీ ఆ ఇస్త్రీ ఆమెదే. పొద్దున్నే అద్దం ముందు నిలబడి, "మా పెద్దదాని చేతి ఇస్త్రీ, చూపు జారిపోవాలి" అని తోటి డ్రైవర్లకు చెప్పినట్టే అద్దానికి చెప్పేవాడు. అలాంటి మనిషిని ఇంకాసేపట్లో ఊరందరి ముందూ ఇలా నిలబెడతారా? చిన్నదానికి ఎప్పుడూ అంతే, ఆఖరి నిమిషం దాకా తెమలదు, పాపం టైము చాలి ఉండదు.

ఆ ఆలోచనతో ఆమెకు ఎక్కడలేని సంతోషం వచ్చింది. ఇన్నాళ్ళకు చెల్లెలి కళలో తన చేతికి దొరికిన పని. ఒట్టు సంగతి గుర్తే లేదు. చేతిలో ఇమిడే ఆవిరి ఇస్త్రీ పెట్టె ఎప్పుడూ సంచిలోనే ఉంటుంది. నీళ్ళు పోసి, ప్లగ్గు పెట్టి మొదటి చొక్కా అందుకుంది.

ఆవిరి తగలగానే గుడ్డలోంచి వాసన లేచింది. డీజిలు, చెమట, తలకు రాసుకునే నూనె. ఆమె చేయి ఆగిపోయింది. నాన్న వెనకే వచ్చి నిలబడ్డట్టుంది. కళ్ళు నిండాయి, ముక్కు చీదింది, మళ్ళీ పనిలో పడింది. ఒక్కో చొక్కాతో ఆ వాసన గదంతా కమ్ముకుంది. వచ్చేవాళ్ళు ఈ చెమట కంపుకి ముక్కు మూసుకుంటారని తోచి, వెళ్ళి రెండు కిటికీలూ బార్లా తెరిచింది. మడిచిన చేతులు దించింది. గుండీలు పెట్టింది. ఆఖరి చొక్కా అయ్యేసరికి గదిలో మంచి గాలి ఆడుతోంది. దూరంగా జరిగి చూసుకుంటే, షాపు యజమాని కూడా వంక పెట్టలేనట్టున్నాయి.

చిన్నది బల్బుల సంచితో వచ్చి గుమ్మంలో అక్కను చూసి నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఉండిపోయింది. సంచి కింద పెట్టి, దగ్గరగా ఉన్న చొక్కా దగ్గరికి వెళ్ళి, నున్నటి చేతిని పట్టుకుని అలాగే నిలబడింది. పెద్దది మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ, నీళ్ళు తక్కువొచ్చి మళ్ళీ పట్టాల్సి వచ్చిందని కూడా చెప్పింది.

"నాన్న చివరి వారం డ్యూటీ నుంచి వచ్చి విప్పినవక్కా ఇవి" అంది చిన్నది. "విప్పినవి విప్పినట్టే దాచాను. ఉతకలేదు, కదపలేదు. స్టీరింగు పట్టుకుని పట్టుకుని మోచేతులు అలా వంగి ఉండిపోయాయి. చూస్తే మనిషి లోపలున్నట్టే ఉండేది. నీకు చూపించాలనే పిలిచాను."

 ముడతలు పెట్టడం తనకు కొత్త కాదనీ, షాపులో వాడేసినట్టుండే కోట్లకు తనే నలిగిన రూపు తెస్తుందనీ, అరగంటలో మళ్ళీ ఎలా ఉండేవో అలా చేసిస్తాననీ పెద్దది గబగబా చెప్పింది. చొక్కా అందుకుంది. అందుకుని ఆగిపోయింది.

"ఏ చేయే నాన్న పైకి మడిచేది?"

ఏళ్ళ తరబడి ఆ చొక్కాలు ఇస్త్రీ చేసింది. సాయంత్రం ఆయన విప్పితే అలాగే ఉతుకు బుట్టలో పడేసింది తప్ప, ఒక్కనాడు తేరిపార చూడలేదు. కుడిది, అని చెప్పింది చిన్నది. పెద్దది మడిచింది. ఎంత నలపబోయినా మడత షోకేసులోలాగా వరసగా, నీటుగా వచ్చింది.

"వద్దులే అక్కా" అని చిన్నది ఆ చొక్కా మెల్లగా తీసుకుని కాలరులో మొహం దాచుకుంది. ఎంతసేపటికీ తల ఎత్తలేదు. తర్వాత, "వాసన కూడా పోయింది" అంది.

"వచ్చిందే" అంది పెద్దది, ఆ ఒక్కటైనా ఇద్దామన్న ఆత్రంతో. "ఆవిరి పెడుతుంటే ఎంత వచ్చిందనుకున్నావు! అచ్చం నాన్నే. గదంతా నిండిపోయింది."

చిన్నదాని మొహం ఒక్కసారిగా వెలిగింది. గుండెనిండా గాలి పీల్చింది. ఆ పీల్చడంలోనే ఆమె చూపు కిటికీల మీదికి వెళ్ళింది.

"నువ్వే తెరిచావా?"

 పెద్దది వెళ్ళి ఒక కిటికీ మూసింది. రెండోదీ మూసింది. ఇద్దరూ గాలి పీల్చి చూశారు. వీధిలోంచి వచ్చిన పొగవాసన తప్ప గదిలో ఏమీ లేదు. మెట్ల మీద మనుషుల అలికిడి మొదలైంది. చిన్నది కళ్ళు తుడుచుకుని, స్టూలెక్కి బల్బులు బిగించింది. పెద్దది కింద నిలబడి స్టూలు పట్టుకుంది. తిట్టవే, ఒక్క మాటైనా అనవే అని లోలోపల బతిమాలుకుంది.

మొదట వచ్చిన దంపతులు చొక్కాల మధ్య తిరిగి, ఇవి ఏమిటని అడిగారు.

"మా నాన్న చొక్కాలండీ" అంది చిన్నది. "మా అక్క ఇస్త్రీ చేసింది."

చాలా బాగా చేశారని ఆవిడ పెద్దదాని వైపు చూసి మెచ్చుకుంది. చెల్లెలి మాటలో ఎక్కడైనా కోపం ఉందేమోనని పెద్దది వెతికింది. ఉంటే బాగుండుననుకుంది. లేదు.