ఖాళీ హాల్లో రిహార్సల్

"నువ్వు రాకపోయినా దానంతటదే నడిచేలా చేసి పెట్టమ్మా" అన్నారు మా సెక్షన్ హెడ్, లంచ్ బాక్స్ మూత బిగించుకుంటూ. రేపు పెద్దాఫీసులో బోర్డు ముందు మా కొత్త బస్సు రూటు గురించి ప్రెజెంటేషన్ ఉంది. ఎప్పుడూ ఆయన నిలబడి మాట్లాడతారు. నేను పక్కన లాప్‌టాప్ ముందు కూర్చుని, ఆయన తలూపినప్పుడల్లా మీట నొక్కుతాను. ఈసారి కారులో చోటు లేదట. అకౌంట్సాయన వస్తున్నారు, ఆయన ఫైళ్ళ మూటలూ వస్తున్నాయి. అందుకని స్లైడ్లు వాటంతటవే మారేలా టైమింగ్ పెట్టి, రాత్రికల్లా పంపించమన్నారు. రూటు గీసింది నేను, స్లైడ్లు చేసింది నేను, ఆయన మాట్లాడబోయే మాటలు రాసిచ్చింది కూడా నేనే. సరేనన్నాను. సరే అనడం నాకు దగ్గులాంటిది, ఆపుకునేలోపు వచ్చేస్తుంది.

ఈ మాట నాకు కొత్తేమీ కాదు. రెండు రోజులు మా అమ్మ దగ్గర ఉండొస్తానంటే మా అత్తగారు కూడా ఇదే అంటారు. "వెళ్ళిరా, ఎవరు వద్దన్నారు? ఇక్కడెవరికీ ఇబ్బంది లేకుండా అన్నీ చేసిపెట్టి మరీ వెళ్ళు." ఆ చేసిపెట్టడం ముందురోజు తెల్లవారుజామున మొదలవుతుంది. పూటపూటకీ వండి డబ్బాల్లో సర్ది, ఏది ఎప్పుడు తినాలో కాగితం ముక్కలు అంటించి, మావారి చొక్కాలు ఇస్త్రీ చేసి, మామగారి మాత్రలు పూటలవారీగా విడదీసి, గడప దాటేసరికి నా నడుం పడిపోతుంది. అమ్మ దగ్గర ఉన్నంతసేపూ నిద్రపోతాను, కబుర్లు చెప్పుకోవడానికి ఓపిక మిగలదు. తిరిగొచ్చాక మావారు నవ్వుతూ అంటారు. "చూశావా, నువ్వు లేకపోయినా ఇక్కడేమీ ఆగిపోలేదు. ఊరికే కంగారు పడతావు." పాపం, ఆయన దాన్ని మెచ్చుకోలనే అనుకుంటారు. నా పని నేను ఎంత బాగా చేస్తే, నాతో అవసరం లేదని వాళ్ళకి అంత బాగా రుజువవుతుంది. ఇంత తెలివితక్కువ పని జీతం లేకుండా ఇన్నేళ్ళుగా చేస్తున్నదాన్ని నేనొక్కదాన్నేనా అని అప్పుడప్పుడు అనుకుంటాను.

రూటు సంగతి చెప్పాలి. మ్యాపు మీద బస్సు బొమ్మ కదులుతూ వెళ్ళాలని నా పట్టుదల. బొమ్మని ఒక గీత వెంట నడిపించడం మా ప్రెజెంటేషన్ సాఫ్ట్‌వేర్‌కి తెలుసు గానీ, గీత మలుపు తిరిగితే బొమ్మని తిప్పడం తెలియదు. తూర్పుకి చూస్తున్న బస్సు ఉత్తరం రోడ్డులో కూడా తూర్పుకే చూస్తూ, పీతలాగా పక్కకి జారుతుంది. అది చూస్తే బోర్డువాళ్ళు నవ్వుతారు. ఎన్నో తిప్పలు పడి ఒక దారి కనిపెట్టాను. మలుపు మలుపుకీ ఒక కొత్త బస్సు పెట్టాను. ఒకటి మలుపు దాకా వచ్చి మాయమవుతుంది, అదే క్షణంలో అటు తిరిగిన ఇంకో బస్సు ప్రత్యక్షమై నడక అందుకుంటుంది. చూసేవాళ్ళకి ఒకటే బస్సు. ఒకదాని మీద ఒకటి పడి ఉన్న అన్ని బస్సుల్లో అడుగున ఉన్నదాన్ని పట్టుకోవాలంటే, పైవాటిని ఒక్కొక్కటిగా దాచిపెట్టుకుంటూ దిగాలి. ఆదివారం భోజనాల బల్ల మీద అదే పనిలో ఉంటే మావారు తొంగిచూశారు. "నిటారుగా పోనిస్తే పోలా? ఆ ఒక్క వంకర కోసం ఇంత యాతనా?"

ఆ వంకర కోసమే ఈ రూటంతా. మెయిన్ రోడ్డు వదిలి బస్సు ఆసుపత్రి వెనక గేటు దాకా వెళ్ళి తిరిగొస్తుంది. రాత్రి డ్యూటీ దిగిన ఆయాలూ, ఊడ్చేవాళ్ళూ ఇంకా తెల్లవారకముందే ఆ గేట్లోంచి బయటపడతారు. అక్కణ్ణించి మెయిన్ రోడ్డు దాకా ఒకపక్క ఎత్తు గోడ, ఒకపక్క ఖాళీ స్థలం, దీపాల్లేవు. ఆఫీసు పనని ఇంట్లో చెప్పి ఒకరోజు చీకటితోనే వెళ్ళాను. నాతోపాటు నడుస్తున్న ఆమె చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది. కాళ్ళు నొప్పా అని అడిగాను. "కాదమ్మా, చప్పుడు వినపడకూడదని" అంది, నాకేదో మామూలు సంగతి చెబుతున్నట్టు. నేను కూడా నా చెప్పులు విప్పేశాను.

పోయినేడాది ఇంకో రూటులో ఒక స్టాపు దగ్గర నీడ కోసం రేకుల షెడ్డు కావాలని ఒక స్లైడు పెట్టాను. "ఇది అవసరమా?" అని చైర్మన్ గారు అడిగారు. "తీసేయొచ్చు సార్" అన్నారు మా హెడ్, ఊపిరి పీల్చుకున్నంత తేలిగ్గా. ఎందుకు అవసరమో ఆయనకి తెలియదు. తెలిసిన నేను లాప్‌టాప్ పక్కన ఉన్నాను, నాది నొక్కే ఉద్యోగం. ఆ స్లైడు నా చేత్తోనే తీయించారు. ఇంటికొచ్చి మావారికి చెప్పబోతే, "పాయింటుకి రా. జీతం కోశారా?" అన్నారు. లేదన్నాను. "మరింకేంటి?" అని టీవీ సౌండు పెంచారు. రేపు ఆ మలుపు గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు.

టైమింగ్ పెట్టడానికి ఒక పద్ధతుంది. స్లైడుకి ఇన్ని సెకన్లని అంకెలు వేస్తే స్లైడ్లు మారతాయి గానీ, లోపలి బస్సులు మలుపు దగ్గర మాటకి అందకుండా పరిగెత్తేస్తాయి. రిహార్సల్ మీట నొక్కి, ఎవరో ఒకరు మొదటినుంచి చివరిదాకా నిజంగానే మాట్లాడుతూ నడిపించాలి. మూల ఒక చిన్న గడియారం తిరుగుతూ, ఎక్కడెంతసేపు ఆగామో గుర్తుపెట్టుకుంటుంది. అందరూ ఇళ్ళకి వెళ్ళాక మీటింగు హాలు తాళం తీసుకున్నాను. ఏసీ ఆపేశారు, కుర్చీలు బల్లకి ఆనించి ఉన్నాయి. ఖాళీ కుర్చీల ముందు నిలబడి మా హెడ్‌లాగా మాట్లాడటం మొదలుపెట్టాను. "గౌరవనీయులైన" దగ్గర ఆయన గొంతు సవరించుకుంటారు, ఆగాను. నీళ్ళు తాగుతారు, ఆగాను. మూడో స్లైడులో ఆయన జోకు ఒకటుంది. "మా బస్సు ఆలస్యంగా వస్తుందేమో గానీ, రాకుండా మాత్రం ఉండదు." అదీ చెప్పాను. చెప్పి, రేపు వాళ్ళు ఎంతసేపు నవ్వుతారో అంతసేపు నోరు మూసుకుని నిలబడ్డాను. గడియారం తిరుగుతోంది. ఒక్కరూ లేని గదిలో, నాది కాని జోక్‌కి, రాబోయే నవ్వుల కోసం చోటు వదులుతూ నిలబడటం ఎలా ఉంటుందో నాకు తెలియదు ఇంతకుముందు. నాకెవరూ లేరనిపించింది. ఇంటినిండా మనుషులున్నారు, ఆఫీసు నిండా ఉన్నారు, అయినా ఎవరూ లేరు. ఏడుపొచ్చింది, కానీ ఏడిస్తే టైమింగ్ తప్పుతుంది.

మలుపు స్లైడు వచ్చింది. ఆయన కోసం నేను రాసిన మాటలు ఒక్క ముక్క, "ఆసుపత్రి మీదుగా." అంతకంటే పొడుగైతే ఆయన తడబడతారని నేనే కుదించాను. ఆ ముక్క అని మీట నొక్కాలి. నొక్కలేదు. చెప్పులు చేతబట్టిన ఆమె గురించి చెప్పడం మొదలుపెట్టాను. గోడ గురించి, ఆ చీకటి గురించి, నా అరికాళ్ళకి తగిలిన గులకరాళ్ళ గురించి, బస్సు తిరిగొచ్చే కాస్త ఆలస్యం వల్ల ఎవరికీ ఏ నష్టమూ లేకపోవడం గురించి చెప్పాను. ఇంట్లో నేను మాట్లాడేవన్నీ తుంపులే. అన్నం పెట్టానండీ, తువ్వాలు తలుపు మీదుంది, మాత్ర వేసుకున్నారా మావయ్యగారూ. ఇంత పొడుగు మాట నా నోట్లో ఉందని మర్చిపోయాను. బల్ల మీద ఫోను గుర్రుమంది, మావారు. దాన్ని బోర్లా తిప్పి చెబుతూనే ఉన్నాను. పాయింటుకి రమ్మని ఎవరూ అనలేదు.

చివరి స్లైడు అయ్యాక సాఫ్ట్‌వేర్ అడిగింది, ఈ టైమింగ్ ఉంచమంటారా అని. వద్దని నొక్కాను. మొదటి సగం ఆయన నడక, రెండో సగం నాది, అది ఎవరికీ పనికిరాదు. మళ్ళీ మొదలుపెట్టి ఆ మలుపుని ఒక్క ముక్కతో దాటేస్తే, అరగంటలో తాళమిచ్చి ఇంటికి పోవచ్చు. చెయ్యి మీట దాకా వెళ్ళింది కూడా. "తీసేయొచ్చు సార్" అన్న మాట ముందే వినిపించింది. చెయ్యి వెనక్కి తీసుకుని హెడ్ గారికి ఫోన్ చేశాను. నిలబడే చేశాను.

"అయిపోయిందా అమ్మా?"

"టైమింగ్ పెట్టలేదు సార్."

"అదేంటి, సాఫ్ట్‌వేర్ ఒప్పుకోలేదా?"

అవునంటే సరిపోయేది. ఇన్నేళ్ళూ నాకు కుదరనివన్నీ దాని మీదకే నెట్టాను. "అది ఒప్పుకుంది సార్. నేనే పెట్టలేదు. ఆ మలుపు గురించి ఎవరైనా అడిగితే చెప్పే మనిషి అక్కడుండాలి."

"కారులో చోటు లేదని చెప్పాను కదమ్మా."

"బస్సులో వస్తాను."

ఆయన నవ్వారు. "సర్లే, నీ ఇష్టం. రా అయితే. ఎప్పట్లాగే పక్కన కూర్చుని నొక్కుదువుగాని."

"ఈసారి నొక్కేది మీరు సార్" అన్నాను. "మాట్లాడేది నేను."