కళ్ళు వదిలేసి

బడిలో చేర్చిన రోజు ఆ మాట నేనే అన్నాను. "కళ్ళు రెండూ వదిలేసి తోలు వలిచెయ్యండి మేడమ్, నేనేం అడగను." అందరూ అనే మాటే. నన్ను బడిలో వేసేటప్పుడు మా అమ్మ కూడా అంది. హెడ్‌మిస్ట్రెస్ ప్రమీలారాణి గారు నవ్వి, ఫారం మీద స్టాంపు వేశారు. నా కూతురు నిఖిత కొంగు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. దానికప్పుడు ఆరేళ్ళు. పిల్ల వింటోందని ఎవరనుకుంటారు?

ఇప్పుడు నాలుగో తరగతి. ఒంటిపూట బడులు కదా, ఆ మంగళవారం మధ్యాహ్నం రోజూలాగే నేను పనిచేసే మామిడి షెడ్డుకి వచ్చింది. పక్కన కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే అన్నం తింది. స్కర్టు అంచు కింద, పిక్కల మీద ఎర్రగా ఏదో కనిపించింది.

"ఏంటే అది?"

"సొన పడిందమ్మా. నిన్న ఇక్కడ కాయల దగ్గర కూర్చున్నాగా."

పదకొండేళ్ళుగా ఆ షెడ్డులో కాయలకి తొడిమలు విరుస్తున్నాను. తొడిమ విరిగితే చిమ్మే సొన నా చేతుల మీద, మెడ మీద, ఒకసారి కనురెప్ప మీద కూడా పడి కాల్చింది. అది కారిన దారినే, చుక్కలుగా, మరకలుగా నల్లబడుతుంది. స్కేలు పెట్టి గీసినట్టు వరసగా నాలుగు చోట్ల వాచదు. అబద్ధమాడటం కూడా సరిగా రాని పిల్ల అది. దాని చేత ఇంత అబద్ధం ఆడించింది ఏమిటి?

ఎంత అడిగినా సొనే అంది. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోతుంటే నూజివీడు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. స్కర్టు పైకి జరిపి తొడలు చూసిన డాక్టరమ్మ అక్కడికక్కడే 1098కి ఫోన్ చేసింది. పిల్లల కోసం పెట్టిన నంబరట.

గురువారం పొద్దున్నే ప్రమీలారాణి గారు పిల్లతో సహా రమ్మన్నారు. టేబుల్ మీద కాగితం సిద్ధంగా ఉంది.

"ఆ 1098 ఫోన్ మీద పదకొండింటికి పిల్లల రక్షణ ఆఫీసరు వస్తున్నాడు. మామిడి సొన పడిందని రాశాం, సంతకం పెట్టు. లెక్కల సారు ఇంకా కుర్రాడే, ఏదో తొందరపడ్డాడు. అయినా తోలు వలిచెయ్యమని నువ్వేగా అన్నావు? మా గుమాస్తా కూడా విన్నాడు. కేసంటూ అయితే ముందు నీ పేరే రాస్తారు."

అన్నాను కదా మరి. కన్నతల్లే కొట్టమందని పేపర్లో వేస్తారేమో, పిల్లని నా దగ్గర్నుంచి లాక్కుపోయి ఏ హాస్టల్లోనో పడేస్తారేమో. పైగా ఆ బడి కరస్పాండెంటు గారిదే మా షెడ్డు కూడా. పెన్ను తీసుకుని, జ్యోతి అన్న నా పేరులో 'జ్యో' వరకు రాశాను. అంతలో ఆఫీసరు విక్టర్ గారు వచ్చేశారు.

ఆయన కుర్చీ జరుపుకుని నిఖిత ఎదురుగా కూర్చున్నారు. "కాళ్ళకి ఏమైందమ్మా?"

అది నన్ను చూసింది. ప్రమీలారాణి గారిని చూసింది. "సొన పడింది సార్."

పద్యం అప్పజెప్పినట్టు చెప్పింది. ఆ గొంతు వినేసరికి ఇంకో భయం పట్టుకుంది నన్ను. ముందు పట్టుకున్న భయాలన్నీ దాని ముందు దిగదుడుపే. రేపు ఇంకెవరైనా ఇంకేదైనా చేసినా ఇది ఇలాగే చెబుతుంది. అప్పుడు నాకు కనపడటానికి మచ్చలు కూడా ఉండకపోవచ్చు.

"కాదండీ," అన్నాను. పెన్ను టేబుల్ మీద పెట్టేశాను. "సొన ఇలా కాలదండీ, నాకు తెలుసు. ఇవి బెత్తం దెబ్బలు. చేర్చిన రోజు కొట్టమని నేనే అన్నాను. అది కూడా రాసుకోండి."

విక్టర్ గారు రాసుకోలేదు. "మీరు అన్నా చెల్లదమ్మా. బడిలో పిల్లల్ని కొట్టకూడదని చట్టం. కొట్టమని చెప్పే హక్కు తల్లికి కూడా లేదు. ఆ ఒళ్ళు పాపది."

ప్రమీలారాణి గారు కాగితం వెనక్కి తీసుకోబోయారు. ఆయన ముందే అందుకుని, నా సగం సంతకంతో సహా ఫైల్లో పెట్టుకున్నారు.

బయటికొచ్చి ముసునూరు ఆటో ఎక్కాం. మర్నాటి నుంచి నన్ను షెడ్డుకి రానిస్తారో లేదో తెలియదు. నిఖిత సీటు అంచు మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. దారి పొడవునా తోటలే, కాయలు దింపుతున్నారు.

"సారు కొట్టాడని నాకు ముందే ఎందుకు చెప్పలేదే?" అని అడిగాను.

ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది నన్ను.

"కళ్ళ మీద కొడితే చెప్దామనుకున్నానమ్మా," అంది.