చెప్పినవారు

పుళక్కర తాలూకా ఆసుపత్రిలో నర్సుగా ఫిలోమిన సిస్టర్‌ది ఇరవై ఆరేళ్ళ సర్వీసు. అలాంటి మనిషిని పొద్దున నర్సుల శిక్షణ తరగతిలో, వికలాంగ రోగులతో ఎలా మెలగాలో చెప్పడానికి చక్రాల కుర్చీలో వచ్చిన ఓ పాతికేళ్ళ పిల్ల అందరి ముందూ కడిగేసింది.

“నేను ఆసుపత్రికొస్తే, నా ఒంట్లో ఎలా ఉందో మా అమ్మనడుగుతారేం సిస్టర్? కాళ్ళు పోయాయి గానీ నోరు పోలేదుగా!”

అందరూ ఘొల్లున నవ్వారు. మాట రానివాళ్ళకి కళ్ళతో జవాబు చెప్పే వీలివ్వాలనీ, తొందరపెట్టకూడదనీ కూడా చెప్పిందా పిల్ల. ఫిలోమినకి ఒళ్ళు మండింది.

మధ్యాహ్నం మూడింటికి సుహర అనే అమ్మాయిని క్యాజువాలిటీలోకి మోసుకొచ్చాడు వాళ్ళన్న నౌఫల్. పుట్టినప్పటి నుంచీ ఆమెకి కండరాలు మాట వినవు, మాట స్పష్టంగా రాదు. మంచం మీంచి పడి చెయ్యి విరిగింది. డాక్టర్ నొప్పి తగ్గే సూది రాశాడు.

“ఏ మందైనా పడదా?” అలవాటు కొద్దీ ఫిలోమిన అన్ననే అడిగింది.

“అలాంటివేం లేవు సిస్టర్, తొందరగా ఇవ్వండి.”

రోగి వివరాల కాగితం మీద ‘చెప్పినవారు’ అన్న గడిలో ‘నౌఫల్, అన్న’ అని రాసి, సీసాలోంచి మందు లాగింది. సుహర ఒక్కసారిగా మెలికలు తిరుగుతూ అరిచింది.

“నొప్పికి అలాగే చేస్తారు, గట్టిగా పట్టుకోండి,” అన్నాడు డాక్టర్. నౌఫల్ ఆమె భుజాలు అదిమాడు.

సూది గుచ్చబోతూ ఫిలోమిన ఆగింది. సుహర విరిగిన చేతిని చూడటం లేదు, మందుసీసానే చూస్తోంది.

“సిస్టర్, నిద్రపోతున్నారా? బయట ఇరవైమంది ఉన్నారు!” డాక్టర్ విసుక్కున్నాడు.

ఫిలోమిన వంగింది. “సుహరా, అవునైతే కళ్ళు పైకెత్తమ్మా. కాదంటే మూసుకో. నొప్పికేనా అరుస్తున్నావు?”

కళ్ళు మూసుకుంది.

“ఈ మందు నీకు పడదా?”

సుహర మెడ పక్కకి లాక్కుపోయింది, చూపు ఎటో తిరిగింది.

“ఇక చాలు, ఇచ్చెయ్యండి!” డాక్టర్ కసిరాడు.

ఫిలోమిన కదల్లేదు. పొరపాటైతే ఈ వయసులో అందరి ముందూ నవ్వులపాలు. అయినా కాచుక్కూర్చుంది. సుహర కళ్ళు మెల్లగా, బలవంతాన పైకి లేచి అక్కడే నిలిచాయి.

నౌఫల్ గాభరాగా ఇంట్లో ఉన్న తల్లికి ఫోన్ చేశాడు. ఫోన్ పెట్టేసి ఫిలోమిన వైపు తిరిగాడు.

“ఇంతకుముందోసారి ఇదే మందిస్తే ఊపిరాడక చావు దాకా వెళ్ళిందట. నేనప్పుడు దుబాయ్‌లో ఉన్నా... ఉమ్మ నాకు చెప్పలేదు సిస్టర్!”

డాక్టర్ వేరే మందు రాశాడు. ఫిలోమిన ఆ గడిలో నౌఫల్ పేరు కొట్టేసి ‘సుహర, రోగి’ అని రాసింది. ఇరవై ఆరేళ్ళలో ఆ గడిలో ఎందరి నోళ్ళు మూసి ఎవరెవరి పేర్లు రాసిందో గుర్తొచ్చి ఆమె సిగ్గుపడింది.