నీడ పడని సామాను

మేడిపల్లిలో భూమవ్వ ఇంటికి ఏ వస్తువు వచ్చినా ముందు వాకిట్లో ఎండకు కూర్చోవాల్సిందే. అక్కరకు కొన్నదైతే నీడ పడుతుంది. మనసాగక కొన్నదైతే పడదు. ఆ ఊరి ఎండ తీరే అంత.

కోడలు రజని బీడీలు చుట్టిన పైసలు చేతిలో పడగానే కోరుట్ల బస్సెక్కేది. రెండు గడియారాలున్న ఇంటికి మూడోది, బిందెడు గాజులుండగా ఇంకో జత. అత్త ఆమె మొహం కూడా చూడకుండా సంచి గుంజుకుని సామాను ఎండలో పెట్టేది.

"నీడేదే పిల్లా?"

మర్నాడు దుకాణంలో నిజాముద్దీన్ పేచీ పెట్టేవాడు కాదు. "నీడ వడ్తలేదా అక్కా? తే, వాపస్ తీసుకుంట" అనేవాడు.

రజని ఏమన్నా తక్కువ తిన్నదా? మబ్బు పట్టిన రోజులు చూసి కొనడం మొదలుపెట్టింది. భూమవ్వ అంతకన్నా ఘటికురాలు. మబ్బు కనిపిస్తే చాలు, కోడలిని గడప దాటనిచ్చేది కాదు.

కంపెనీ మూతపడి మస్కట్ నుంచి తిరిగొచ్చిన దివాకర్, తల్లీ పెళ్లాల ఈ తంతు చూసి నవ్వేవాడు. శ్రావణంలో ముసురు పట్టిన ఒక పూట అతనే ఏజెంటు సాయిలును వెంటబెట్టుకొచ్చాడు. చేతిలో వీసా కాగితం.

"రజనీ, పుస్తెలతాడు తియ్యి. జగిత్యాలల కుదువ వెట్టి అస్త."

"గా దేశంల ఏం పని?"

"పోయినంక చెప్తరట."

సాయిలు బండి దిగలేదు. "ఇయ్యాల ఒక్కరోజే వదినె. పొద్దుగూకితె వేరేటోళ్లకు పోతది. ఐదుగురు ఫోన్ల మీద ఫోన్లు."

రజని చెయ్యి మెడలోని తాడు మీదికి పోయింది. 'ఇయ్యాల ఒక్కరోజే' అన్న మాట విని ఆమె ఎన్ని కొనలేదు! తాడు పిడికిట్లో పట్టుకుని, "ఎండ రానియ్యి" అంది.

"వీసాకు సుత నీడ చూస్తవా?" దివాకర్ కసిరాడు.

"చూస్త."

భూమవ్వ మొదటిసారి కోడలి పక్కన నిలబడింది. సాయిలు మాటిమాటికీ ఫోన్ చూసుకున్నాడు. అది ఒక్కసారీ మోగలేదని రజని గమనించింది.

మధ్యాహ్నం దాటాక మబ్బు విచ్చింది. "చూస్కోండ్రి" అంటూ దివాకర్ వాకిట్లోకి నడిచి కాగితం ఎత్తి పట్టుకున్నాడు.

కాగితం నీడ జానెడు పడింది. పట్టుకున్న మనిషి నీడ పడలేదు.

భూమవ్వ కొడుకు దగ్గరికి వచ్చింది. "నువ్వు కొంటలేవు కొడుకా. నిన్నే కొంటున్నరు."

"గాడ నువ్వెవలికీ అక్కెర లేవు. పనే లేదు. పోయి ఏం జేస్తవ్?" అంటూనే రజని ఏడ్చింది.

దివాకర్ తన కాళ్ల దగ్గర నేలను చూశాడు. పక్కనే తల్లి నీడ ఉంది, పెళ్లాం నీడ ఉంది. అతనికి భయమేసింది. కాగితాన్ని సాయిలు చేతిలో పెట్టేశాడు. నీడ మెల్లగా వచ్చి కాళ్లకు అంటుకుంది.

సాయిలు బండి స్టార్ట్ చేశాడు. "మీ ఇష్టం. ఎనుకింటి శ్రీశైలం తయారుగున్నడు."

రజని కొంగుతో కళ్లు తుడుచుకుని బండికి అడ్డంగా నడిచింది.

"పా, నేను సుత అస్త. ఆళ్ల వాకిట్ల సుత ఎండున్నది."