రోడ్డు మీద ఉలవలు

పొంగల్ దాటిన వారానికి మా ఊరి ఏడున్నర బస్సు నిలిచిపోయింది. బడి వేళకు ఉన్నది అదొక్కటే. తిరుత్తణి హైస్కూలుకు నాలుగు మైళ్లు. ఆరో తరగతి చదివే నా మనవరాలు దేవసేన ఇక సైకిలు మీద పోవాలి, లేదా బడి మానాలి. నేను మూడో తరగతితో మానినవాణ్ణి. అందుకే పట్టుబట్టి ఇరవై రోజులు నేర్పాను.

నేర్పింది రెండే మాటలు. ఎడమ అంచు వదలకు. వెనక హారన్ కొట్టినా, ఎవరు పిలిచినా తల తిప్పకు. తల తిరిగితే హ్యాండిలూ తిరుగుతుంది. మొదట్లో నేను వెనక నుంచి పిలిచేవాణ్ణి, అది తిరిగి చూసి కంపలో పడేది. పడీ పడీ ఆ అలవాటు పోయింది.

ఆ సోమవారం దాని సైకిలు తొక్కుడుకు పరీక్ష. కోడలు మునిలక్ష్మి గడపలో నిలబడింది.

"మామా, ఈపొద్దు నువ్వు వెనకాలే పోయి చూసిరా. నువ్వు సరే అంటేనే రేపట్నించి ఒంటిగా పంపేది. లేదంటే ఇంట్లో ఉండనీ, మేకలన్నా కాస్తాది."

"చూసొచ్చి చెప్తా" అన్నాను.

"తాతనా చెప్పేది? నాలుగు మాటలకి నాలుగు దినాలు కావాల ఆయనకి" అంది దేవసేన, పావడ పైకి దోపుకుంటూ.

"ఆడ నోరు గాదే, రోడ్డు చూసుకో" అంది తల్లి.

పిల్లది నా సైకిలు తీసుకుంది. సీటు అందదు. కడ్డీ కింద కాలు దూర్చి తొక్కుతుంది. నేను పక్కింటి ఆరుముగం సైకిలు అడిగి తెచ్చుకుని, ఇరవై గజాలు వెనక బయలుదేరాను.

తారురోడ్డు ఎక్కాం. ఎదురుగా బస్సు వచ్చింది. అంచు వదల్లేదు. వెనక నుంచి మోటారు సైకిలు హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది. తల తిప్పలేదు. నాకు లోపల సంతోషంగా ఉంది.

మామిడితోపు మలుపు తిరగ్గానే రోడ్డు మీద ఉలవలు కనిపించాయి. మావే. తెల్లవారగానే నేనూ మునిలక్ష్మీ ఎండిన ఉలవ చెట్లు మోసుకొచ్చి, రోడ్డు ఎడమ సగం మీద పరిచిపోయాం. బస్సులూ లారీలూ తొక్కిపోతే సాయంత్రానికి గింజ రాలుతుంది. మా వైపు అందరూ చేసే పనే.

అప్పుడే వెనక లారీ హారన్ వినిపించింది. మమ్మల్ని దాటడానికి కుడివైపుకు వస్తోంది. ముందు దేవసేన ఉలవల దాకా పోయింది. వాటి మీద ఎక్కకుండా, ఒక్కసారిగా రోడ్డు నడిమికి తిప్పింది. వెనక్కి చూడలేదు. చూడొద్దన్నది నేనే.

అరవబోయాను. అరిస్తే? ఇరవై రోజుల్లో నేర్చింది మరిచి తల తిప్పిందంటే, సైకిలు ఇంకా కుడికి, నేరుగా లారీ కిందికి పోతుంది. పళ్లు బిగబట్టాను. నేనెక్కిన సైకిలును రోడ్డు నడిమికి తిప్పి, లారీకి అడ్డంగా చేయి చాచాను.

బ్రేకుల చప్పుడు వీపు మీదికి వచ్చింది. సైకిలుతో సహా పక్కకు పడ్డాను. లారీ ముందు చక్రం నా కాలికి జానెడు దూరంలో ఆగింది.

"యోవ్ పెద్దాయనా! ఇంట్లో చెప్పొచ్చినావా? సచ్చేదానికి నా లారీనే దొరికెనా నీకి?" డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు.

నేను ముందుకు చెయ్యి చూపించాను. పావడ, దాని పైన జడ, ఎడమ అంచుకు తిరిగిపోయి చిన్నగా కనిపిస్తున్నాయి. డ్రైవరు చూశాడు.

"నీ ముందర పోయే పాప నాకు కనపళ్లేదయ్యా" అని లారీ మెల్లగా పోనిచ్చాడు.

నేను లేచి చేరేసరికి దేవసేన మైలురాయి దగ్గర దిగి నిలబడి ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"తాతా, అంత పెద్ద హారన్ కొట్టినా తల తిప్పలేదు. చూసినావా?"

"నడిమికి ఎందుకు పోతివి?"

"ఉలవలుండాయి గదా."

"బండ్లు తొక్కేదానికే గదా పరిచింది."

"లారీకి కాళ్లుండాయా? నేను తొక్కితే నా కాలు తగిలినట్టే గదా. గింజ మీద కాలు పెట్టకూడదని నువ్వే గదా చెప్తివి?"

చెప్పాను. దానికి నడక వచ్చినప్పటి నుంచీ చెప్పాను. గింజ మీద కాలు పడితే తీసి కళ్లకద్దుకోమని చెప్పిందీ నేనే. ఆ మాటా ఈ మాటా ఒకే రోడ్డు మీద కలుస్తాయని నాకు తోచలేదు.

బడిదాకా సైకిళ్లు తోసుకుంటూ నడిచాం. తిరిగివచ్చి రోడ్డు మీది ఉలవలన్నీ ఎత్తి, దుప్పట్లో మూటలు కట్టి, నాలుగు తడవలు ఇంటికి మోశాను.

"ఏంది మామా, గింజ రాలకనే ఎత్తకొస్తివి? మోకాలికి ఆ నెత్తురేంది? బిడ్డ ఎట్ల తొక్కె?"

"బిడ్డ బాగానే తొక్కె. నేర్పినోడిదే తప్పు."

అంతా చెప్పాను. ఆ ఇంట్లో నేను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడింది లేదు. మునిలక్ష్మి అరుగు మీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు మూటల వైపే చూసింది. ఇక బడి లేదంటుందని అనుకున్నాను.

"ఇంకేం నేర్పల్ల దానికి?"

"అడ్డం ఏమున్నా ముందు దిగల్ల. వెనక చూడల్ల. ఆమీద తోసుకొని దాటల్ల."

"ఎన్ని దినాలు?"

"పది."

"ఆ పది దినాలూ వెనకాలే పో."

లేచి, మూలనున్న కర్ర తీసుకుంది. మూట విప్పి వాకిట్లో పరిచి, ఉలవలు కొట్టడం మొదలుపెట్టింది.