సొంత పని

"ఎందుకు?" అన్నాడు మా ఆయన.

నేనప్పుడు ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. స్టవ్ మీద పాలున్నాయి. అత్తయ్య బీపీ మాత్ర, నీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టి ఉన్నాయి. శుక్రవారం పొద్దున బస్సెక్కి నా స్నేహితురాళ్ళు పొట్టీ నర్సూ, నేనూ సిటీకి వెళ్తాం, ఆదివారం సాయంత్రానికి వచ్చేస్తాను అని చెప్పాను. అది చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆయనకి ఒక్క మాట సరిపోయింది.

"ఊరికేనండీ. ముగ్గురం కలిసి చాలా రోజులైంది."

"ఊరికే ఎవరైనా అంత దూరం వెళ్తారా? వాళ్ళలో ఎవరికైనా బాగోలేదా?"

"బాగానే ఉన్నారు."

"మరి? నేనేం వద్దనడం లేదు. ఒక్క కారణం చెప్పు, నేనే తీసుకెళ్ళి బస్సెక్కిస్తాను."

మా ఆయన చెడ్డవాడు కాదు. ఇది ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే ఎప్పుడు కొడతాడా, ఎప్పుడు తాగొస్తాడా అని మీరు చూస్తూ కూచుంటారు. కొట్టడు, తాగడు. అడుగుతాడు, అంతే. ఆయన ఏటా తన స్నేహితులతో నాలుగు రోజులు ఎక్కడికో ఒక చోటికి వెళ్తాడు. ముందు రోజు సాయంత్రం వచ్చి "పొద్దున్నే బయల్దేరుతున్నాం, బ్యాగు సర్దు" అంటాడు. ఎందుకు అని నేనెప్పుడూ అడగలేదు. ఎన్ని చొక్కాలు పెట్టమంటారు అని అడిగాను.

"అలిసిపోయానండీ" అన్నాను. అది నిజం. కానీ నిజం చెప్పేటప్పుడు కూడా దొంగతనం చేసినట్టు ఆయన వైపు చూడలేకపోయాను. కాలరు మీదున్న ఇస్త్రీపెట్టెను మళ్ళీ కాలరు మీదే తిప్పాను.

"అలిసిపోతే సిటీ ఎందుకు? ఇంట్లోనే రెండు రోజులు పడుకో."

ఇంట్లో పడుకోవడం నాకు తెలుసు. రెండేళ్ళ కిందట గర్భసంచి తీసేసినప్పుడు డాక్టరు ఆరు వారాలు మంచం దిగొద్దంది. దిగలేదు. మంచం మీద నుంచే ఇల్లు నడిపాను. ఉప్పు డబ్బా ఎక్కడ, గ్యాస్ బండ ఎలా మార్చాలి, నీలం తువ్వాలు ఏమైంది అని ఒకరి తర్వాత ఒకరు వచ్చి నా తల దగ్గర నిలబడేవారు. పడుకుని చెప్పడం కన్నా లేచి చేసుకోవడం తేలికనిపించింది. నాలుగో వారంలో ఆఫీసుకి వెళ్ళిపోయాను. ఆఫీసులో అందరూ నా ఓపికను మెచ్చుకున్నారు. ఓపిక కాదు అది. పారిపోయి వచ్చాను.

"సిటీ చూడాలనుంటే చెప్పు, సెలవుల్లో అందరం వెళ్దాం" అన్నాడు ఆయన.

అందరం వెళ్ళడం కూడా తెలుసు. పోయినసారి అత్తయ్యకి బయటి తిండి పడదని రైస్ కుక్కరు మోసుకెళ్ళి లాడ్జి గదిలో వండాను. బాత్రూం బకెట్లో నాలుగు జతల బట్టలు ఉతికి కిటికీకి ఆరేశాను. ఫోటోలన్నీ నేనే తీశాను కాబట్టి ఒక్క ఫోటోలోనూ నేను లేను. ఆ మూడు రోజులూ ఎంత హాయిగా గడిచాయో అని మా ఆయన ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెప్తాడు. ఆయనకి హాయిగానే గడిచాయి, అబద్ధం కాదు.

ఈలోగా పాలు పొంగాయి. "చూశావా" అన్నాడు ఆయన, నా ప్రయాణానికీ ఆ పాలకీ ఏదో సంబంధం ఉన్నట్టు. లోపలి గదిలోంచి అత్తయ్య అందుకుంది. "మాకు మాత్రం స్నేహితులు లేరా అమ్మా. పెళ్ళయ్యాక ఎవరి ఇల్లు వాళ్ళకి సరిపోయింది." నేను గుడ్డ తెచ్చి స్టవ్ తుడిచాను.

మా ఆఫీసులో నాది సెలవుల సీటు. ఆఫీసంతటి లీవు ఫారాలు ముందు నా బల్ల మీదికి రావాలి. నేను చూసి, తప్పులుంటే వెనక్కి పంపి, సరిగ్గా ఉన్నవి సూపరింటెండెంటు గదికి పంపుతాను. ఆ ఫారంలో పేరు, హోదా, ఎన్ని రోజులు అని ఉంటుంది. వాటి కింద 'కారణం' అని ఒక గడి. పధ్నాలుగేళ్ళుగా ఆ గడి చదవడమే నా ఉద్యోగం. మగవాళ్ళు అందులో రెండే మాటలు రాస్తారు. సొంత పని. ఏం సొంత పని అని ఎవరూ అడగరు. సంతకం పడిపోతుంది. ఆడవాళ్ళకి ఆ గడి చాలదు. అక్షరాలు గీత దాటి కిందికి దిగుతాయి. పాపకి జ్వరం, డాక్టరు చీటీ జతపరిచాను. అత్తగారికి కంటి ఆపరేషన్, చూసుకునేవారు లేరు. ఆడపడుచు కాన్పు, వేరే దిక్కు లేదు. మగవాడి ఫారంలో 'దిక్కు' అన్న మాట నాకు ఇంతవరకూ కనపడలేదు.

ఇదంతా చెప్పి నేనేదో న్యాయంగా ఉన్నానని చెప్పుకోను. రెండేళ్ళ కిందట మా ఆఫీసులో కంప్యూటర్ దగ్గర పనిచేసే అమ్మాయి ఒక్కరోజు సెలవడుగుతూ సొంత పని అని రాసింది. నేనే వెనక్కిచ్చాను.

"ఇలా రాస్తే సార్ పిలిచి అడుగుతారమ్మా. బాబుకి జ్వరమని రాయి."

"బాబు బాగానే ఉన్నాడక్కా."

"ఉంటే ఉన్నాడులే. రాయి."

రాసింది. జ్వరం అన్న మాట దగ్గర కాసేపు పెన్ను ఆగింది. ఫారం నా చేతికిచ్చి, వరండాలోకి వెళ్ళి ఇంటికి ఫోన్ చేసింది. "ఆడుకుంటున్నాడా? ఒకసారి నుదురు పట్టుకుని చూడు" అంటోంది. రాస్తే వచ్చేస్తుందా పిచ్చిపిల్లా అని నవ్వాను. తనకి సాయం చేశాననే అనుకున్నాను.

పాలు పొంగిన ఆ సోమవారం మధ్యాహ్నం ఆఫీసులో డబ్బా తెరిచేసరికి ఫోన్‌లో మా ముగ్గురి గ్రూపు నిండిపోయి ఉంది. పెళ్ళికి ముందు మేం ముగ్గురం ఉద్యోగాలు చేసుకుంటూ ఒకే హాస్టల్ గదిలో ఉన్నాం. పొట్టిది ఇప్పుడు టైలరింగ్ షాపు. మనిషి ఆరడుగులకి నాలుగు వేళ్ళు తక్కువ, అందుకే పొట్టి. నర్సుకి మొగుడు లేడు. వదిలేశాడని జనం అంటారు, వదిలించుకున్నానని తనంటుంది.

పొట్టి ఇంట్లో మోకాలు నొప్పి అని చెప్పిందట, సిటీలో పెద్ద డాక్టరుకి చూపించుకోవాలని. వాళ్ళాయన ఎక్స్‌రే తీయించి తెమ్మన్నాడు. "ఇప్పుడు శనివారం పొద్దున్నంతా ఏ జబ్బూ లేని మోకాలికి ఫోటో దిగాలి నేను" అని రాసింది. "నవ్వుతున్నట్టు పెట్టు మోకాలు" అని నర్సు.

తర్వాత నర్సు రాసింది: "నేనెందుకు వస్తున్నానో చెప్పనా. మంచం మధ్యలో పడుకోవడానికి. ఇంట్లో ఒక పక్క మా అమ్మ, ఒక పక్క మందులు." పొట్టి రాసింది: "ఏం తింటారు మేడం అని ఒక మనిషి నన్నడగాలి. అడిగి, నిలబడి, నేను చెప్పేదాకా ఆగాలి. అందుకు." ఆ కింద ఇద్దరూ నన్నడిగారు: "నువ్వెందుకే?"

ఏదో రాద్దామని కూచున్నాను. నిద్ర అని రాసి చెరిపాను. షాపింగు అని రాసి చెరిపాను. నాకేం కావాలో నాకు తట్టలేదు. మా ఇంట్లో ఎవరికి ఏం కావాలో అడగండి, నిద్రలో లేపినా చెప్తాను. నాది అడిగితే, చాలాకాలంగా వాడని గది తలుపు నెట్టినట్టు అయింది. లోపల ఏముందో తెలియదు. కనీసం లైటు స్విచ్ ఎటుందో కూడా తెలియదు. తినడం మానేసి ఆ ఖాళీ గడి చూస్తూ కూచున్నాను. నా గడి.

సమాధానం రాకపోయేసరికి నర్సు ఫోనే చేసింది. "విను. ఇప్పటికి రెండుసార్లు చివరి నిమిషంలో మానేశావు. ఒకసారి అత్తయ్య, ఒకసారి ఆడపడుచు. ఈసారి కూడా మానేస్తే ఇంక నిన్ను పిలవం. కోపమొచ్చి కాదే. ప్రతిసారీ నువ్వు సారీ చెప్పడం మేం వినలేకపోతున్నాం. రేపు సాయంత్రంలోగా చెప్పు. మంచాలు రెండా మూడా అని లాడ్జివాడు అడుగుతున్నాడు."

సాయంత్రం నేను బట్టలు మడతపెడుతుంటే మా అమ్మాయి వచ్చి పక్కన కూచుంది. డిగ్రీ మొదటి ఏడాది. పొద్దున మాటలన్నీ విన్నట్టుంది.

"అమ్మా, నువ్వు చాలా తింగరిదానివి" అంది ప్రేమగా. "ఊరికే అని చెప్తారా ఎవరైనా? ఆపరేషన్ చెకప్ అని చెప్పు. లోపల నొప్పిగా ఉందని చెప్పు. లోపల అంటే చాలు, నాన్న ఇంక ఒక్క ప్రశ్న వెయ్యడు."

"నీకెలా తెలుసు?"

"నేను సినిమాకి వెళ్ళాలంటే ఏం చెప్తాననుకున్నావు? కడుపు నొప్పి, కాలేజీ నుంచి ఫ్రెండ్ వాళ్ళింటికెళ్ళి కాసేపు పడుకుని వస్తానని. నువ్వు నమ్మి బ్యాగులో మాత్రలు కూడా పెడతావు."

అది నవ్వింది. నేనూ నవ్వాలి నిజానికి. తువ్వాలు మడత మధ్యలో నా చేతులు ఆగిపోయాయి. పద్దెనిమిదేళ్ళ పిల్ల. ఇంటి గడప దాటాలంటే ఆడదానికి ఒక జబ్బు ఉండాలని అప్పుడే నేర్చేసుకుంది. తన ఒంట్లో లేని నొప్పిని చూపించి బయటి గాలి పీల్చుకుంటోంది. దీనికిది ఎవరు నేర్పారు అని ఎవరి మీదో మండిపడదామని చూశాను. బాబుకి జ్వరమని రాయి, అన్నది నా గొంతే.

మంగళవారం ఆఫీసుకి వెళ్ళగానే నా సొంత ఫైలు తీశాను. పధ్నాలుగేళ్ళ నా ఫారాలు. మా ఆయన కామెర్లు. అమ్మాయి తట్టు. అత్తయ్య కన్ను, మళ్ళీ అత్తయ్య రెండో కన్ను. మరిది ఇల్లు మారడం. అన్నిటిలోనూ నా చేతిరాతే. అందరూ ఉన్నారు అందులో. నా పేరు మీద ఉన్నది ఒక్క ఆపరేషన్. నేను కనపడాలంటే నాలోంచి ఒక అవయవం తీసెయ్యాల్సి వచ్చింది.

కొత్త ఫారం తీసుకుని శుక్ర, శనివారాలు వేశాను. కారణం దగ్గర సొంత పని అని రాశాను. గడిలో ఇంకా బోలెడంత చోటు మిగిలింది. నేనే తీసుకెళ్ళి సూపరింటెండెంటు బల్ల మీద పెట్టాను.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఏంటమ్మా, ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?"

"అందరూ బాగానే ఉన్నారు సార్."

"అమ్మాయి కాలేజీ పనా?"

"కాదు సార్."

"మరి కొంచెం వివరంగా రాయొచ్చు కదా. పధ్నాలుగేళ్ళుగా ఈ సీట్లో ఉన్నావు, నీకు నేను చెప్పాలా?"

"పోయిన నెల మీరు పెట్టిన ఫారం నా బీరువాలోనే ఉంది సార్. దాన్ని చూసే రాశాను. అందులో వివరం ఉంటే చెప్పండి, నేనూ రాస్తాను."

ఆయన ఫారాన్ని తనవైపు తిప్పుకున్నాడు. తర్వాత సంతకం పెట్టి, "ఈమధ్య మాటలు బాగా వస్తున్నాయే" అన్నాడు. రానివ్వండి సార్, ఆలస్యంగానే వస్తున్నాయి అని మనసులో అనుకున్నాను. పైకి అనేంత సత్తువ లేదు. తిరిగొస్తూ కంప్యూటర్ అమ్మాయి దగ్గర ఆగాను. "నీకు సెలవు కావాల్సినప్పుడు నీ కోసమే అడుగు. బాబుని లాగకు. ఆరోజు నేను తప్పు చెప్పాను" అన్నాను. తను అర్థంకానట్టు చూసి, "ఆ సాయంత్రం బాబుకి నిజంగానే ఒళ్ళు వెచ్చబడిందక్కా" అంది.

లాడ్జిలో మూడు మంచాలు అని నర్సుకి మెసేజి పెట్టాను.

ఇంటికొచ్చేసరికి ఆయన హాల్లో టీవీ చూస్తున్నాడు. చెప్పులు కూడా విప్పకుండా అక్కడే నిలబడ్డాను. విప్పితే వంటింట్లోకి వెళ్ళిపోతానని భయం.

"శుక్రవారం వెళ్తున్నానండీ. సెలవు పెట్టేశాను."

"సెలవు కూడా పెట్టేశావా? ఏమని పెట్టావు?"

"సొంత పని అని."

మా అమ్మాయి గది తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. నావైపే చూస్తోంది, లోపల నొప్పి అను అమ్మా అన్నట్టు. ఆయన టీవీ గొంతు తగ్గించాడు. వెటకారంగా కూడా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు.

"నీకేం సొంత పని ఉంటుంది?"

పధ్నాలుగేళ్ళ ఫైలు ఆయన చూడకపోయినా సరిగ్గా చెప్పాడు. నాకు కోపం కూడా రాలేదు. ఒళ్ళంతా అలసట, అంతే. బ్యాగు భుజం మీద నుంచి దించకుండానే చెప్పాను.

"నాకూ తెలీదండీ. అదేంటో చూసి రావడానికే వెళ్తున్నాను."